హీటరు గోల ఆగిపోయాక

“మీ హీటరు మా నాన్నగారి వార్తలన్నీ మింగేస్తోందండీ!”

గొడుగు మూయకుండానే షెడ్డు గుమ్మంలో నిలబడి గయ్యిమంది ఆ అమ్మాయి. చేతిలో చిన్న రేడియో. అందులోంచి వార్తలకి బదులు బర్రుమని ఒకటే గోల.

శ్యామ్ సుందర్ కొబ్బరి చిప్పల మధ్యనుంచి లేచాడు. వానాకాలంలో కూడా ఎండుకొబ్బరి తెల్లగా రావాలని, పొగ పెట్టడం మానేసి హీటరున్న కరెంటు డ్రయ్యర్ కొనుక్కున్నాడు. అంబాజీపేటలో అందరూ మెచ్చుకున్నవాళ్ళే. తిట్టడానికి వచ్చిన మొదటి మనిషి ఇంత అందంగా ఉంటుందని అతను అనుకోలేదు.

“కరెంటుది కదండీ, పొగ కూడా రాదు.”

“పొగ రాదండీ, గోల వస్తుంది. వేడి తగ్గించడానికి మీ కంట్రోలర్ కరెంటుని ముక్కలు ముక్కలుగా కోస్తోంది. ఆ రొదంతా వైర్లలోంచి వెళ్ళి మా రేడియోలో పడుతోంది. కావాలంటే స్విచ్ తీసి చూడండి.”

తీశాడు. రేడియో చక్కగా పలికింది. వేశాడు. బర్రుమంది.

“ఆయ్,” అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు.

ఆమె పేరు శారోన్. వెనక వీధి ఏలీయా మాస్టారి కూతురు, అమలాపురం కాలేజీలో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్. మర్నాటి నుంచి కాలేజీ అవగానే ఆ గోల పోగొట్టడానికి రేడియో పట్టుకుని షెడ్డుకి రావడం మొదలెట్టింది.

“హీటరుకి వెళ్ళే వైరు ఈ గోడమ్మట, తిరిగొచ్చే వైరు ఆ గోడమ్మట లాగేరు. ఇలా ఎడంగా ఉంటే షెడ్డంతా ఏంటెన్నా అయిపోతుందండీ. రెండూ దగ్గరకి తెచ్చి మెలేస్తే ఒకదాని గోల ఒకటి అణిచేస్తుంది.”

“దగ్గరగా ఉంటే గోల తగ్గుతుందా అండీ? మా అన్నయ్యా వదినా అలా లేరండీ మరి!”

నవ్వు కనబడకుండా ఆమె వానకేసి తిరిగింది. భుజాలు మాత్రం కదిలిపోతున్నాయి.

ఒక సాయంత్రం వైర్లు మెలేశారు. ఇంకో సాయంత్రం కంట్రోలర్‌ని ఇనప డబ్బాలో పెట్టి ఎర్త్ ఇచ్చారు. రేడియోలో గోల తగ్గుతోంది. శ్యామ్‌కి మాత్రం దిగులు పెరుగుతోంది. గోల పూర్తిగా పోతే ఈ అమ్మాయి ఇంక ఎందుకు వస్తుంది? ఆమె వచ్చేదాకా ఏమేమో కూడబలుక్కునేవాడు. తీరా వచ్చాక ఆయ్ తప్ప రెండో మాట పెగిలేది కాదు.

ఈ ఆయ్ ఒకటుంది మా కోనసీమలో. ఒప్పుకున్నామన్నా అదే, వింటున్నామన్నా అదే. వినపడకపోయినా మర్యాదకి అదే.

మిగిలిన కాస్త గోలనీ వైర్లలోకి పోకుండా ఆపే ఫిల్టరు బిగించే రోజు శ్యామ్ తల డబ్బాలో దూర్చి ఉన్నాడు. డ్రయ్యర్ ఫ్యాను హోరుమంటోంది. వెనకాల శారోన్ చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ చాలాసేపు నిలబడింది.

“రాజోలు నుంచి సంబంధం వచ్చిందండీ. నాన్నగారు నా ఇష్టమన్నారు. ఒప్పుకోమంటారా?”

అతనికి ఒక్క ముక్క వినపడలేదు. వైరు సంగతేదో అనుకున్నాడు.

“ఆయ్!” అన్నాడు హుషారుగా.

తల బయటికి తీసేసరికి ఆమె లేదు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బస్సు దగ్గర ఎదురుపడితే మొహం తిప్పుకుంది. ఏం తప్పు చేశాడో తెలియలేదు. అన్నం సయించలేదు. వాన చినుకు పడితే చాలు, గుమ్మం వైపు చూసేవాడు. ఆమె లేకుండా బతకడం తనవల్ల కాదని అప్పుడు తెలిసింది.

“అంత బెంగ దేనికండీ బాబూ?” అంది కొబ్బరికాయలు కొడుతున్న చిట్టెమ్మ. “ప్రధానం మాటాడుకోడానికి ఆదివారం రాజోలోళ్ళు వస్తన్నారంట. మీరే గదండీ ఒప్పుకోమన్నది?”

“నేనా!”

“ఫ్యాను కాడ అడిగితే ఆయ్ అన్నారంట. చర్చిలో నా పక్కన కూకుని ఏడ్చిందండీ పాపం.”

శ్యామ్ వానలో గొడుగు లేకుండానే పరిగెత్తాడు.

ఏలీయా మాస్టారు అరుగు మీద వార్తలు వింటున్నారు. గుమ్మంలో శారోన్ నిలబడింది.

“ఆ రోజు నాకు వినపడలేదండీ,” అన్నాడు రొప్పుతూ. “ఏవడిగేరో తెలీకుండానే ఆయ్ అనేసేను. వినపడుంటే వద్దనేవాణ్ణండీ.”

మాస్టారు రేడియో కట్టేశారు.

“ఎందుకు వద్దనేవారు?” శారోన్ గుమ్మం దాటి అరుగు మీదకి వచ్చింది.

“మీరంటే నాకు ప్రాణమండీ. గోల తగ్గేకొద్దీ మీరెక్కడ రావడం మానేస్తారోనని చచ్చేంత భయమేసింది. మాస్టారూ, మీరు తిట్టినా పడతాను. మీ ముందే చెబుదామని వచ్చేను.”

మాస్టారు కూతురి వైపు చూశారు. “ఏవమ్మా?”

“నన్ను సరిగ్గా అడగమనండి నాన్నగారూ. నా మొహం చూసి అడగమనండి.”

శ్యామ్ తలెత్తాడు. “నన్ను పెళ్ళి చేసుకుంటారా అండీ?”

“చేసుకుంటాను.”

మాస్టారు ఫోను తీసుకుని లోపలికి నడిచారు. “రాజోలు వాళ్ళకి ఏదో ఒకటి సర్దిచెప్పాలి కదా. నువ్వు రేపు మీ అమ్మగారిని తీసుకురా బాబూ.”

ఆయన అటు వెళ్ళగానే శారోన్ కళ్ళు తుడుచుకుంది.

“ఆ హీటరు పని ఒక్క పూటలో అయిపోయేదండీ. అన్ని సాయంత్రాలు ఎందుకు సాగదీసేననుకున్నారు?”