అరవై ఒక్క రోజుల అమెరికన్ లిటరేచర్

"ఆ పుస్తకం సముద్రంలో ఉందమ్మా," అన్నాడు లైబ్రరీ శ్రీరామ్మూర్తి.

హరిచందన తన చేతిలోని స్లిప్పు వంక ఒకసారి, ఆయన మొహం వంక ఒకసారి చూసింది.

"సముద్రంలో ఏంటండీ? నేనడిగింది పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ లిటరేచర్ హిస్టరీ."

"అదేనమ్మా. ఉన్నది ఒకటే కాపీ. యారాడ కుర్రాడు సన్నీ పట్టుకెళ్ళాడు. పోయినేడు మన ఎం.ఏ. ఇంగ్లిషులో వాడే ఫస్టు. వాళ్ళ నాన్నతో చేపల వేటకెళ్తూ, బోటులో కూర్చుని లెక్చరర్ పరీక్షకి చదువుకుంటాడు. ఫోన్ నెంబరు ఇమ్మంటావా?"

ఇమ్మంది. వేరే దారి లేదు. ఆ పేపరు ఆమెకి అప్పటికి రెండుసార్లు పోయింది. మే నెలాఖరుకి మూడోసారి. దువ్వాడలో ఒక స్కూలు ఆమెని టీచరుగా తీసుకుంది గానీ, జూలై ముగిసేలోగా ఎం.ఏ. పాసైన కాగితం చూపించాలని షరతు పెట్టింది.

దానికంటే పెద్ద చిక్కు ఇంట్లో ఉంది. పేపరు పోయిన సంగతి అమ్మ వెంకటరమణమ్మకి తెలుసు. నాన్న గవర్రాజుకి తెలియదు. కూతురు పాసయిందని, సర్టిఫికెట్టే ఆలస్యమవుతోందని ఆయన నమ్మకం. స్టీల్ ప్లాంటులో తన షిఫ్టు మొత్తానికీ కాజాలు కూడా పంచేశాడు.

ఫోన్ చేస్తే అవతల గాలి హోరు, దాని మీద గట్టి గొంతు.

"ఏప్రిల్ పదిహేను దాకా ఆగండి మేడమ్! ఆ రోజు నుంచి వేట నిషేధం. సేపలు గుడ్లు పెడతాయి, మేం ఒడ్డున కూకుంటాం. అరవై ఒక్క రోజులు నాను కాళీయే."

"చేపల గుడ్లకీ నా పరీక్షకీ సంబంధం ఏంటండీ?"

"సేపలు గుడ్లు పెట్టకపోతే మీకు పుస్తకం రాదు. అదే సంబంధం," అని పెట్టేశాడు.

*

ఏప్రిల్ పదహారున పుస్తకం వచ్చింది. దాన్ని హరిచందన రెండు వేళ్ళతో, పాలలో పడ్డ చీమని తీసినట్టు పట్టుకుంది.

"ఏటండీ, కరిసేత్తాదా?" అన్నాడు సన్నీ. ఎండకి కమిలిన మొహం, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. నవ్వితే చొక్కా కన్నా పళ్ళే తెల్లగా ఉన్నాయి.

"మాది గోదావరి జిల్లా. చేప మాకు కొత్త కాదు. పుస్తకంలో చేప వాసన కొత్త."

"గోదారోళ్ళా? అయితే ఉప్పుడు పులస గురించి మొదలెడతారు."

"ఎందుకు మొదలెట్టకూడదు?"

"ఆ పులస మా సముద్రంలోంచే మీ గోదాట్లోకి ఎదురీదుకుంటూ వత్తాది. మా సేపని తినేసి, మీ గొప్ప సెప్పుకుంటారు."

దీటైన జవాబు ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఈలోగా పుస్తకం తెరుచుకుంది. పేజీ అంచుల్లో పెన్సిల్‌తో సన్నటి ఇంగ్లిషు. ఒక్క కొట్టివేత లేదు. రెండు నెలలుగా గైడులో చదివినా ఎక్కనిది, ఆ అంచుల్లో నాలుగు ముక్కల్లో ఉంది.

"ఇవన్నీ మీరు రాసినవేనా?"

"ఏం, యారాడోడు రాయకూడదా?"

"అలా అన్నానా?" హరిచందన గొంతు తగ్గించింది. "నాకు చెప్తారా? పరీక్ష దాకా."

సన్నీ ఆలోచిస్తున్నట్టు పైకి చూశాడు. అతని చెవులు ఎర్రబడటం శ్రీరామ్మూర్తి బల్ల దగ్గర్నుంచే గమనించాడు.

*

సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ వరండాలో క్లాసు.

"మొదట రొమాంటిసిజం. లెక్క కన్నా ఊహ, ఊరి కన్నా అడివి గొప్పయన్నారు. తర్వాత ట్రాన్సెండెంటలిజం. సత్యం తెలుసుకోడానికి మద్దెలో ఎవులూ అక్కర్లేదు, ప్రకృతిలో నిలబడితే నీలోంచే తెలుత్తాది అన్నారు. సివిల్ వార్ జరిగింది, ఆ మత్తు దిగింది. ఉన్నదున్నట్టు రాయండి, జనం ఎలా మాటాడతారో అలాగే రాయండి అన్నారు. అది రియలిజం. ఆకరికి నాచురలిజం. మనిషి సేతిలో ఏటీ నేదు, పుట్టుకా పరిస్థితీ ఎటు తోత్తే అటే పోతాడన్నారు."

హరిచందన పెన్ను పరుగెడుతోంది. "ఒక్క నిమిషం. ఊరి కన్నా... తర్వాత?"

"రాయకండి మేడమ్. ఇనండి."

"రాయకపోతే బట్టీ ఎలా పట్టేది?"

సన్నీ నుదురు కొట్టుకున్నాడు. ఆమె రాసుకొచ్చిన ఆన్సరు పేపర్లు తీసి చదివాడు. రియలిజం మీద ఆరు పేజీలు.

"సాలా బాగుంది. ఎవులు రాసేరు?"

"నేనే."

"కాదు. గైడు రాసింది. మీరు మోసుకొచ్చేరు."

హరిచందన పేపర్లు లాక్కుని, బ్యాగు భుజాన వేసుకుని విసవిసా మెట్ల దాకా వెళ్ళింది. మెట్ల దగ్గర వాన అడ్డం పడింది. చెప్పాపెట్టకుండా వచ్చే వేసవి వాన. వెనక్కి రావడానికి పౌరుషం అడ్డం, ముందుకెళ్ళడానికి గొడుగు లేదు. ఆ చివర ఆమె, ఈ చివర అతను.

పది నిమిషాల తర్వాత సన్నీయే అడిగాడు.

"ఈ వానని రొమాంటిసిస్టు సూత్తే ఏటంటాడు?"

"తెలీదు."

"పోనీ, రియలిస్టు?"

"మేడ మీద మా అమ్మ ఎండబెట్టిన వడియాలు తడిసిపోయాయంటాడు!" కసిగా అంది.

సన్నీ ఎంత గట్టిగా నవ్వాడంటే లోపల శ్రీరామ్మూర్తి 'ష్' అన్నాడు.

"అదీ! మీ మొదటి సొంత వాక్యం అది. ఏ గైడులో ఉంది సెప్పండి?"

హరిచందనకి కోపం కొనసాగించాలనే ఉంది. నవ్వు ముందొచ్చేసింది.

ఆ తర్వాత క్లాసు మారింది. ప్రతి ఉద్యమానికీ తన ఇంట్లోంచి ఒక ఉదాహరణ తేవాలని అతను పట్టుబట్టాడు. ఆమె తెచ్చేది. వడియాల మీద, కుళాయి దగ్గర తగువుల మీద రియలిజం బాగానే కుదిరింది. నాచురలిజం దగ్గరే బండి ఆగిపోయింది. ఎంత ఆలోచించినా అది ఎవరో దూరపు మనుషుల గొడవలాగే ఉంది. పోయినసారి పేపరు పోయింది కూడా ఆ ప్రశ్న దగ్గరే.

ఒక శుక్రవారం వెళ్తూ వెళ్తూ అంది, పుస్తకం వంక చూస్తూ.

"ఒకసారి మా ఇంటికి భోజనానికి రండి. నాన్నకి పరిచయం చేస్తాను. వీక్లీ ఆఫ్ రోజు రండి, ఆ రోజు ఆయన మంచి మూడ్‌లో ఉంటారు."

"తప్పకుండా వత్తాను," అన్నాడు సన్నీ. ఎప్పుడని అడగలేదు. అందులో అడగడానికేముంది?

*

ఆదివారం పదకొండు గంటలకి దువ్వాడలో గవర్రాజు ఇంట్లో చీమ చిటుక్కుమనడం లేదు. కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. కాలింగ్ బెల్లు మీద ప్లాస్టరు అంటించి ఉంది. వెంకటరమణమ్మ కుక్కరు పెట్టకుండా గిన్నెలో అన్నం వండుతోంది. షిఫ్టు డ్యూటీ ఇళ్ళల్లో వారానికి ఏడు రోజులే ఉంటాయి గానీ ఆదివారం ఎప్పుడు వస్తుందో ప్లాంటు చెప్తుంది. ఆ నెల గవర్రాజు వీక్లీ ఆఫ్ బుధవారం. రాత్రంతా ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర సి షిఫ్ట్ చేసి, పొద్దున్న ఏడింటికి వచ్చి పడుకున్నాడు. తలుపుకి 'సి షిఫ్ట్' అని రాసిన అట్టముక్క వేలాడుతోంది. కాలనీలో అది చూస్తే పాలవాడు కూడా చెప్పులు విప్పి నడుస్తాడు.

సన్నీ ఆ అట్టముక్క చూసి, ఇంటి నెంబరేమో అనుకున్నాడు. ఒక చేతిలో వంజరం చేప. నిషేధం ఇంజను బోట్లకే; ఇది చిన్న తెప్ప మీద, గాలానికి పట్టినది. ఇంజను హోరు మీద మాట్లాడటం అలవాటైన గొంతుతో పిలిచాడు.

"హరిచందన గారూ! నానండీ, సన్నీని! సేప తెచ్చేను!"

రెండు వీధుల అవతల కుక్క మొరిగింది. హరిచందన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, తలుపు తీసి, రెండు చేతులూ జోడించింది. అది నమస్కారం కాదు, 'దయచేసి ఊరుకో' అని. సన్నీకి అది నమస్కారంలాగే కనబడింది. ప్రతినమస్కారం చేయబోతే చేప అరుగు మీద పడింది.

లోపల మంచం కిర్రుమంది.

గవర్రాజు లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. కళ్ళు నిప్పు కణికల్లా ఉన్నాయి.

"ఎవరు బాబూ నువ్వు?"

"అమెరికన్ లిటరేచర్ సెప్తానండీ. మీ అమ్మాయి గారికి. ఈసారి సప్లీలో పేపరు ఎలాగైనా గట్టెక్కాలని..."

వెంకటరమణమ్మ చేతిలోని గరిటె గిన్నెకి తగిలి ఠంగుమంది. సన్నీ ఆమె మొహం, హరిచందన మొహం చూసి ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"సప్లీనా?" అన్నాడు గవర్రాజు.

కూతురి వైపు తిరిగాడు.

"ఎన్నోసారి అమ్మాయ్?"

"మూడోసారి నాన్నా."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండేది.

"కాజాలు పంచాను కదే," అన్నాడు మెల్లగా. తర్వాత తలెత్తి, "ఎందుకు పోతోంది?"

"అర్థం కాలేదు నాన్నా. బట్టీ పట్టాను."

"నాకు చెప్పు. నాకర్థమైతే పేపరు దిద్దేవాడికీ అర్థమవుతుంది."

"ఇప్పుడా? మీరు పడుకోవాలి..."

"నిద్ర ఎలాగూ పోయింది. చెప్పు. ఏది రాదో అదే చెప్పు."

హరిచందన గొంతు సవరించుకుంది. నాచురలిజం అంది. మనిషి తాననుకున్నట్టు బతకడని, పుట్టిన చోటూ పనిచేసే చోటూ అతన్ని మలుస్తాయని, తనని తోసే శక్తి ముందు అతని ఇష్టం చాలా చిన్నదని చెప్పింది. ఎదురుగా నాన్న కళ్ళ కింద నల్లటి చారలు, కిటికీకి కట్టిన దుప్పటి, ప్లాస్టరు అంటించిన బెల్లు. మాట ఒక్కక్షణం ఆగింది. మళ్ళీ మొదలెట్టినప్పుడు గైడు మాటలు లేవు.

"అంటే నాన్నా, మన ఇల్లే. మనం ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు గుసగుసలాడాలో మనం చెప్పం. ఫర్నేస్ చెప్తుంది. అది ఆరదు కాబట్టి మీరు పడుకోరు. మీరు పడుకోరు కాబట్టి అమ్మ కుక్కరు పెట్టదు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఎవరూ గట్టిగా పిలవలేదు. మన స్వభావమే అంత అనుకున్నాను. కాదు, అది ఫర్నేస్ స్వభావం."

గవర్రాజు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"సగం తప్పు," అన్నాడు. "ఫర్నేస్ నన్ను తోస్తే తోసింది. నా తర్వాత షిఫ్టువాడి పిల్లకి జ్వరమని తెలిసి, వాడికి బదులు రెండో షిఫ్టు నేనే నిలబడిన రోజులున్నాయి. అది ఏ ఫర్నేస్ చెప్పింది? మీవాళ్ళు అది రాయలేదా?"

"వాళ్ళ ముందువాళ్ళు రాశారు నాన్నా. మనిషి లోపలి గొంతు గొప్పదని. అందుకే ఈ ఇద్దరికీ పడదు!" హరిచందన కుర్చీ అంచుకి జరిగింది. తండ్రీ కూతుళ్ళు వాదించుకుంటున్నారు, ఆ ఇంట్లో ఎన్నడూ లేనంత గట్టిగా. వెంకటరమణమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

సన్నీ మాత్రం ఆమె చెప్పిందంతా న్యూస్ పేపరు అంచు మీద రాశాడు. వాదన చల్లారాక దాన్ని ఆమె ముందుకి తోశాడు.

"ఇదే ఆన్సరు. గైడు అక్కర్లేదు."

గవర్రాజు లేచాడు. "పరీక్ష నాడు నేనే దింపుతాను అమ్మాయ్." సన్నీ వైపు తిరిగాడు. "నువ్వు ఇవాళ వచ్చి మంచి పని చేశావో, చెడ్డ పని చేశావో రిజల్టు వచ్చాక చెప్తాను. అప్పటిదాకా ఈ గుమ్మం ఎక్కొద్దు."

*

పరీక్ష అయిపోయింది. జూన్ పద్నాలుగుతో వేట నిషేధమూ అయిపోయింది. సన్నీ సముద్రం మీదకి వెళ్ళిపోయాడు. దాదాపు నెల రోజులు ఫోన్‌లో రెండు మాటలు, నాలుగు అలలు. అందులోనూ 'రిజల్టు వచ్చిందా' అనే మాట తప్ప ఇంకేదీ ఇద్దరూ ఎత్తలేదు.

జూలై రెండో వారంలో, ఒక పొద్దున్న రిజల్టు వచ్చింది. యాభై ఎనిమిది.

గవర్రాజు ఆ అంకెని ఫోన్‌లో మూడుసార్లు చదివాడు. ఆ రోజు ఆయనది బి షిఫ్ట్, మధ్యాహ్నం రెండింటి దాకా ఖాళీ. స్కూటరు తీశాడు.

"స్కూల్లో చూపించి రావాలి కదా నాన్నా?"

"స్కూలు రేపు కూడా ఉంటుంది. ఆ కుర్రాడికి నేనో మాట బాకీ. ఎక్కు."

యారాడ కొండ దిగేసరికి బోట్లు ఒడ్డుకి వస్తున్నాయి. ఇసకలో గంపలతో ఆడవాళ్ళు. సన్నీ బోటు అల మీద ఊగుతూ వచ్చి ఆగింది. అతను, గురువులు అనే పేరున్న అతని నాన్న నీళ్ళలోకి దూకారు. బోటుని పైకి లాగడానికి పాతికమంది తాడు పట్టుకున్నారు. హరిచందన చెప్పులు వదిలేసి, వాళ్ళ మధ్య దూరి తానూ పట్టుకుంది.

సన్నీ తలెత్తి చూశాడు.

"పాసయ్యాను!" అరిచింది. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు.

"ఎంత?"

"యాభై ఎనిమిది!"

"పోయినేడు నాకు డెబ్బై ఒకటి!"

"ఇప్పుడు అది అవసరమా?" తాడు వదలకుండానే కోపంగా చూసింది. తర్వాత ఒక్క గుక్కలో అనేసింది. "నాకు మీరంటే ఇష్టం. మీకు ఎలా ఉందో చెప్పండి."

ఉద్యమాలన్నిటినీ ఒక్క ఊపిరిలో చెప్పే మనిషి నోరు తెరిచి మూశాడు.

ఆమె పక్కనే తాడు పట్టుకున్న ఒకావిడ, సన్నీ తల్లి గంగాలమ్మ, కసిరింది.

"నోరు పడిపోనాదేటిరా? ఆ పిల్ల అడిగిందానికి సెప్పు. ఇక్కడ సేతులు పీకేత్తన్నాయి!"

"నాక్కూడా," అన్నాడు సన్నీ, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి. "ఏప్రిల్ నుంచీ."

హరిచందన వెనక్కి తిరిగి చూసింది. దూరంగా స్కూటరు దగ్గర గవర్రాజు నిలబడి ఉన్నాడు. ఆయన సన్నీ వైపు చూశాడు, గురువులు వైపు చూశాడు. డ్యూటీ బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఇసకలోకి నడిచి వచ్చి, కూతురు వెనకాల తాడు పట్టుకున్నాడు.

"ఏం చూస్తావయ్యా?" అన్నాడు సన్నీతో. "అటు నుంచి నెట్టు. మేము లాగుతాం."