ముందుగా పడిన అడుగు

చిట్టెమ్మ నడవడానికి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. వచ్చే శుక్రవారం పొద్దున్న పది ఇరవైకి అడుగుల పండుగ అని బంధువులందరికీ కబురు వెళ్ళిపోయింది, అరిసెలు కూడా చెప్పేశారు. అలాంటిది ఈ బుధవారం ఆ పిల్ల సోఫా అంచు వదిలేసి నానమ్మ వైపు టకటకా రెండడుగులు వేసింది.

"ఓరి నాయనో!" అంటూ హారికమ్మ ఒక్క అంగలో వెళ్ళి, మూడో అడుగు పడకుండా మనవరాల్ని ఎత్తేసుకుంది. అప్పటికి హారికలు నానమ్మలైపోయారు, మనవరాళ్ళకు చిట్టెమ్మ లాంటి పాత పేర్లు పెట్టుకోవడం మోజైంది.

ఆ రోజుల్లో బిడ్డ పుట్టగానే ముందెరుక కేంద్రం వాళ్ళు ఒక్క రక్తపు బొట్టు తీసుకుని, బోర్లాపడే రోజు, పాకే రోజు, నడిచే రోజు, మాటలొచ్చే రోజు తేదీలతో సహా రాసిచ్చేవారు. కాలికి ఎదుగుపట్టీ తొడిగేవారు. ఆసరా లేకుండా వరుసగా మూడడుగులు పడితే ఆ పట్టీ నమోదు చేసుకుంటుంది. రాసిన రోజున నడిస్తే పిల్ల మొదటి వరుసలో ఉన్నట్టు. ఆలస్యమైనా, ముందే నడిచినా, ఒక్క రోజు తేడా వస్తే చాలు, వరుస తప్పిన బిడ్డ అని ముద్ర పడుతుంది. అలాంటి బిడ్డకు మంచి బడి ఉండదు, మంచి కొలువు ఉండదు, పెళ్ళిచూపుల్లోనూ మొదట ఆ ముక్కే అడుగుతారు. ముందెరుక ఇంతవరకు ఒక్కసారీ తప్పలేదని దేశమంతా గొప్పగా చెప్పుకునేది. ఎందుకు తప్పలేదో అడిగిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

కోడలు విధాత్రి వంటగదిలోంచి వచ్చి సంగతి విన్నది. ఒక్క క్షణం మొహం వెలిగింది. వెంటనే పిల్ల కాలి వంక చూసింది.

"ఎన్ని పడ్డాయి అత్తయ్యా?"

"రెండేనమ్మా."

"హమ్మయ్య! ఎవరికీ చెప్పకండి. శుక్రవారం దాకా దీన్ని లేవనివ్వకండి."

"పసిదే! నడక వచ్చాక ఊరుకుంటుందా?"

"మా అక్క వాళ్ళ బాబుని మూడు రోజులు ఆపలేదూ? కాస్త ఓపిక పట్టండి. దీని బతుకు మీ చేతుల్లో పెడుతున్నా."

మొదటి రెండు రోజులు హారికమ్మ బతిమాలింది. లేచినప్పుడల్లా ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్లకు అదో ఆటైపోయి మరీ మరీ లేచేది. మూడో రోజు కసిరింది. నాలుగో రోజు విధాత్రి ఆఫీసు నుంచి వచ్చేసరికి చిట్టెమ్మ కిటికీ పట్టుకుని నిలబడి ఉంది. "ఇలా కాదు అత్తయ్యా" అని విధాత్రి తనే తొడపాశం పెట్టింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మర్నాటి నుంచి హారికమ్మ పెట్టింది. పెట్టి తనూ ఏడ్చింది, ఏడుస్తూనే మళ్ళీ పెట్టింది. ఏడో రోజుకి పిల్ల లేవడం మానేసింది. "చూశారా, ఎంత బుద్ధిగా ఉందో!" అని విధాత్రి మురిసిపోయింది.

శుక్రవారం ఇల్లు చుట్టాలతో కిటకిటలాడింది. కొత్త గుడ్డ పరిచి దాని మీద అరిసెలు వరుసగా పేర్చారు. కేంద్రం నుంచి వచ్చిన పరిశీలకురాలు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. సరిగ్గా పది ఇరవైకి విధాత్రి పిల్లను మొదటి అరిసె మీద నిలబెట్టి చేతులు వదిలింది.

చిట్టెమ్మ కూర్చుంది.

మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ కూర్చుంది. మూడోసారి విధాత్రి అవతలి చివరికి వెళ్ళి "రా బంగారం, అమ్మ దగ్గరికి రా" అంటూ చేతులు చాచింది. ఆ చేతులు చూడగానే పిల్ల రెండు అరచేతులతో తొడలు కప్పుకుని తల దించుకుంది.

"అబ్బో, ఎంత సిగ్గో!" అని చుట్టాలు నవ్వారు.

సాయంత్రం ఆరు దాకా గడువు. బొమ్మలు చూపించారు, పాటలు పాడారు, హారికమ్మ ఆ పసిదానికి దణ్ణం కూడా పెట్టింది. ఆరింటికి ఎదుగుపట్టీ ఎర్రగా మెరిసింది.

"ఈ పాప ఇంతకుముందు ఎప్పుడైనా నిలబడిందా? ఇంట్లో ఎవరైనా ఆపారా?" అని పరిశీలకురాలు అడిగింది.

"ఆపితే ఏమవుతుందండీ?" అని హారికమ్మ గొణిగింది.

"బిడ్డను మేం తీసుకెళ్ళిపోతాం. మళ్ళీ మీకు చూపించం."

విధాత్రి అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "లేదండీ. పుట్టినప్పటి నుంచీ దాని కాళ్ళంతే. ఎప్పుడూ నిలబడలేదు."

"నానమ్మగారూ, మీరు చెప్పండి."

"నిలబడలేదండీ" అంది హారికమ్మ.

పరిశీలకురాలు రాసుకుంది. "కాళ్ళలో సత్తువ లేదన్నమాట. మూడేళ్ళు నిండేదాకా కట్టుకుర్చీలో ఉంచాలి. కాళ్ళు కదపనివ్వకూడదు" అంది.

చుట్టాలు అరిసెలు పొట్లాలు కట్టుకుని వెళ్ళారు. కాసేపటికి కుర్చీ వచ్చింది. విధాత్రి గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. హారికమ్మే మనవరాల్ని అందులో కూర్చోబెట్టి, కాళ్ళకు బెల్టులు బిగించింది. గింజుకుంటుందేమో, కనీసం ఏడుస్తుందేమో అని చూసింది.

చిట్టెమ్మ కిక్కురుమనలేదు. కూర్చోబెడితే కూర్చుంది.