మూలుగ దొంగలు

హన్మకొండ శివారులోని రక్తవ్యాధుల పరిశోధనా కేంద్రం. మూడో అంతస్తులోని అద్దాల గదిలో ఒక అమ్మాయిని చంపుతున్నారు. కత్తి లేదు, తుపాకి లేదు. ఆమెకు ప్రాణం పోయాల్సిన వస్తువును కింది అంతస్తు ఫ్రీజర్‌లోంచి ఎత్తుకుపోయారు, అంతే.

అమ్మాయి పేరు అక్షర. వయసు పంతొమ్మిది. తల్లి సుగుణ మిర్చి ఏరే కూలీ. అక్షరకు పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు. ఎర్ర రక్తకణాలు కొడవళ్లలా వంకర తిరిగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు ఎముకల్లో పుట్టే నొప్పికి పెద్దవాళ్లు కూడా నేల మీద పడి దొర్లుతారు. ఆ పిల్ల పాలపళ్లు ఊడని వయసు నుంచీ దొర్లుతోంది.

డాక్టర్ ప్రేమలత ఈ కేంద్రంలో ఏళ్ల తరబడి కూర్చుని దానికో వైద్యం కనిపెట్టింది. రోగి ఎముకల్లోని మూలుగలోంచి మూలకణాలు తీస్తారు. తప్పు జన్యువును ల్యాబ్‌లో సరిచేస్తారు. బాగుపడ్డ కణాలను పెన్సిల్ అంత సన్నటి గొట్టాల్లో పోసి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాస్తారు. తర్వాత కీమో ఇచ్చి పాత మూలుగను పూర్తిగా ఊడ్చేసి, కొత్త కణాలను ఎక్కిస్తారు. అక్షర మూలుగను ఊడ్చేశారు. కణాలు ఎక్కించాల్సింది ఇవాళే. ఫ్రీజర్ తెరిస్తే ఆమె గొట్టాలుండాల్సిన అరలో ఏమీ లేదు. ఇక ఆ ఒంట్లో రక్తం పుట్టదు. చిన్న జలుబు చాలు, ప్రాణం తీయడానికి.

కారిడార్‌లో భుజాన తువ్వాలతో, చేతిలో టిఫిన్ డబ్బాతో కూర్చున్న మనిషిని అందరూ ఎవరో పేషెంటు తాలూకు అనుకుంటున్నారు. అతని పేరు సారంగపాణి. కేంద్ర గూఢచారి విభాగంలో సీనియర్ ఏజెంట్. చెవిలోని వినికిడి యంత్రం అసలు వినికిడి యంత్రం కాదు. అందులోంచి చీఫ్ కిషన్ రావు గొంతు వినిపించింది.

"గ్లేసియర్ ముఠా పనే, ఆ విదేశీ మందుల దొంగలే. కన్ఫర్మ్."

"వాళ్లకు ఒక్క పిల్ల కణాలు ఎందుకు సార్?"

"వాటిని సీక్వెన్స్ చేస్తే ప్రేమలత మెథడ్ మొత్తం చేతికొస్తది. పిల్ల చచ్చిపోతే ఇక్కడ ట్రయల్ బంద్. తర్వాత అదే వైద్యాన్ని వాళ్ల పేరు మీద, వాళ్ల రేటుకు మనకే అమ్ముతరు."

"అంటే పిల్ల చావు కూడా ప్లాన్‌లో ఉందన్నమాట."

"యెస్."

సారంగపాణి పళ్లు నూరాడు. చాలామంది శత్రువులను చూశాడు. క్షిపణి నక్షాలు దొంగిలించినవాళ్ల మీద కూడా ఇంత కోపం రాలేదు. "గొట్టాలకు పెట్టిన ట్రాకర్ ఏం చెప్తాంది సార్?" అన్నాడు.

"డెడ్. మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీల చలికి బ్యాటరీ పోయిందట."

నత్రజనిలో పెట్టే చిప్‌కు చలి తగులుతుందని మన సైంటిస్టులకు ఎవరు చెప్పాలి? సారంగపాణి నోటిదాకా వచ్చిన బూతును మింగి లేచాడు.

ఎదురుగా హారిక వస్తోంది. కేంద్రంలో క్వాలిటీ హెడ్. నెమలికంఠం రంగు పట్టుచీర, భుజం దాటని జుట్టు, కారిడార్ చివరిదాకా పాకే సెంటు వాసన. సారంగపాణి విభాగానికి ఇన్ఫార్మర్ కూడా. గ్లేసియర్ ముఠా ఇక్కడికి రాబోతోందని మొదట కబురు పంపింది ఆమే.

"టోకెన్లు ఎక్కడిస్తరు మేడమ్?" అన్నాడు సారంగపాణి. అది కోడ్.

"ఈ రోజు కౌంటర్ లేదు," అంది హారిక. అది జవాబు. తర్వాత పెదవులు కదపకుండా, "నీలం చారల అంబులెన్స్. కాజీపేట జంక్షన్. ఢిల్లీ ట్రైన్. త్వరగా," అంది.

మెట్ల దగ్గర సుగుణ అడ్డం వచ్చింది. చేతిలో చాయ్ గ్లాసు. వారం రోజులుగా పక్కపక్కన కూర్చున్న పరిచయం.

"తమ్మీ, నువ్వు జర సదువుకున్నోని లెక్క కొడ్తవ్. నా బిడ్డకు ఎప్పుడెక్కిస్తరో డాక్టరమ్మను అడుగరాదు? మిషిన్ ఖరాబయిందని ఒకలు, ఆగుమని ఒకలు. లోపట నా బిడ్డ మొఖం సున్నం లెక్క తెల్లగయింది."

"ఫికర్ చెయ్యకక్కా, ఇయ్యాల్నే ఎక్కిస్తరు," అన్నాడు. చాయ్ ముట్టకుండానే మెట్లు దిగి బైక్ తీశాడు.

కాజీపేట స్టేషన్ బయట అంబులెన్స్ దొరికింది. డ్రైవర్‌ను కాలర్ పట్టి దింపి, వెనక తలుపు తెరిచి, పెద్ద ఐస్‌బాక్స్ మూత లేపాడు. నిండా పుల్ల ఐసులు.

"ఎవరో మేడమ్ పంపింది సార్! స్టేషన్ కాడ పిల్లలకు పంచుమన్నది, బర్త్‌డే అట!" డ్రైవర్ ఏడుపు మొహం పెట్టాడు.

సారంగపాణి వెంటనే నంబర్ నొక్కాడు. హారిక ఫోన్ స్విచాఫ్. అంటే కబురు పంపిందీ ఆమే, దారి మళ్లించిందీ ఆమే. విభాగం నమ్మకాన్ని సంపాదించడానికే ఆ మొదటి కబురు. ఒక పిల్ల ప్రాణాన్ని పట్టుకుని ఈవిడ రెండు వైపులా బేరం ఆడింది.

బైక్ మళ్లీ కేంద్రం వెనక గేటు దగ్గర ఆగింది. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"పొద్దటిసంది ఈ గేటుల నుంచి ఎవలెవలు బయటికి పోయిండ్రు?"

"ఎవ్వలు పోలే సార్."

"మంచిగ యాది చేసుకో."

"ఎవ్వలు పోలే అంటున్న గద! గా బర్లకు సూదులేసేటాయన ఒక్కడు పోయిండు, గంతే."

బర్లకు సూదులేసేటాయన అంటే గోపాలమిత్ర. మేలుజాతి దున్నల వీర్యాన్ని నత్రజని డబ్బాలో పెట్టుకుని, బైక్ మీద ఊరూరా తిరుగుతూ, ఎదకొచ్చిన ఆవులకూ బర్రెలకూ చూలు కట్టించే మనిషి. వరంగల్ చుట్టుపక్కల ఆ డబ్బాను చూసి ఆపే పోలీసు లేడు. దాని మూతి సన్నం, లోపల ద్రవ నత్రజని. అక్షర కణాలున్న సన్నటి గొట్టాలు అందులో హాయిగా పడతాయి.

"ఈ దవాఖానల బర్లు ఏడున్నయ్ రా?" అని సారంగపాణి అరిచాడు.

చెవిలో కిషన్ రావు మాట్లాడాడు. "సారంగపాణీ, మేడారం జాతరకు భక్తులను తిప్పే హెలికాప్టర్లల్ల ఒకటి రూట్ తప్పి ఆత్మకూరు అవతల బీడుల దిగింది. ఇంజిన్ ఆపలేదు. లోపల ఒక ఫారినర్. ఫోర్సంతా జాతర బందోబస్తుల ఉంది. వాళ్లు చేరేసరికి లేటయితది."

"నేను పోతాన సార్. కణాలు మోసుకపోయేటోడు ఎవడో తెల్సింది, ఆడు అటే పోతాండు."

ములుగు రోడ్డు జాతర జనంతో కిక్కిరిసి ఉంది. బస్సులు, కార్లు, ట్రాక్టర్లు, కోళ్లు, బెల్లం ముద్దలు. డబ్బావాడు ఆ రోడ్డెక్కి ఉండడు. పల్లెల డొంకదారి పట్టి ఉంటాడు. సారంగపాణి కూడా అటే తిప్పాడు. ఏ డొంక పట్టాడో తెలియదు. మొదటి ఊళ్లో ఒక ముసలాయన్ను అడిగాడు.

"గోపాలమిత్ర ఇటు పోయిండా పెద్దయ్యా?"

ముసలాయన భగ్గుమన్నాడు. "ఎందుకు పోలే! బర్రె ఎదకొచ్చింది ఆగయ్యా అని మొత్తుకుంట ఎన్క ఉరికిన. ఇన్నడా? గా చెర్వుకట్ట మీదికెళ్లి పోతాండు చూడు, ఆని బండి కాలిపోను!"

తర్వాతి ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు తిట్టుకుంటూ దారి చూపారు. ఆ పై ఊళ్లో ఒక రైతు చెప్పు చేతబట్టుకునే నిలబడి ఉన్నాడు. సారంగపాణికి ఆ కోపంలోనూ నవ్వొచ్చింది. గ్లేసియర్ ముఠా ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని, ఎవరి కంటా పడని వేషం ఏదా అని వెతికి దీన్ని ఎంచుకుంది. పట్నంలో అది నిజమే. కానీ పల్లెలో గోపాలమిత్ర కోసం ఎదురుచూడని గడప లేదు. బర్రె ఎద తప్పితే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఇంటికి పాలు ఆగిపోతాయి. అలాంటి ఊళ్ల మధ్య నుంచి ఆ డబ్బా పట్టుకుని ఆగకుండా పోవడం ఎవడి తరం?

నాలుగో ఊరు దాటకుండానే వాడు దొరికిపోయాడు, పోలీసులకు కాదు, సమ్మమ్మకు. సమ్మమ్మ తన బర్రెను డొంకకు అడ్డంగా నిలబెట్టి, బైక్ తాళంచెవి గుంజి కొంగున కట్టుకుంది. చుట్టూ పదిమంది చేరారు. డబ్బావాడి పేరు ఉదయ్. ముఠా కొరియర్. వాడి నుదుటి మీద చెమటలు.

"తెల్లారంగసంది ఒర్రుతాంది బిడ్డా. నా బర్రెకు సూదెయ్యి, తాళం తీస్కో, నీ తొవ్వల నువ్వు పో," అంటోంది సమ్మమ్మ.

"నా దగ్గర మందు లేదమ్మా!"

"మందు లేకుంటే డబ్బా ఎందుకు మోస్తానవ్? షోకుకా?"

చేల అవతల హెలికాప్టర్ రెక్కల చప్పుడు. ఉదయ్ అటు చూశాడు, జనాన్ని చూశాడు. ఇక తప్పదు, దొంగసూదే వేసి బయటపడాలనుకున్నాడు. వేషం కోసం తెచ్చుకున్న సంచిలోంచి ఫ్లాస్క్ తీసి, మూతలో గోరువెచ్చని నీళ్లు పోసి బైక్ సీటు మీద పెట్టాడు. గడ్డకట్టిన గొట్టాన్ని వెచ్చని నీళ్లలో కరిగిస్తారని ఎక్కడో చూసినట్టున్నాడు. డబ్బా మూత తీశాడు. తెల్లటి పొగ వచ్చింది. పటకారుతో ఒక గొట్టం పైకి తీశాడు.

అది అక్షర. ఆ పిల్ల రేపటి రక్తమంతా అక్కడ, ఒక బర్రె వెనక, ఒక దొంగ చేతిలో పొగలు కక్కుతోంది.

"ఆపు!" సారంగపాణి బైక్ మీంచి దూకాడు. చేతిలో పిస్తోలు.

ఉదయ్‌కు అర్థమైపోయింది. ఒక చేత్తో గొట్టాన్ని నీళ్ల మీదికి తెచ్చాడు, రెండో చేయి డబ్బా మెడ మీద వేశాడు. "దగ్గరికొస్తే దీన్ని నీళ్లల్ల ముంచి డబ్బా బోర్లేస్త! నన్ను చేన్లదాకా పోనీయ్!"

కాల్చడానికి లేదు. వాడు పడితే డబ్బా కూడా పడుతుంది. సారంగపాణి పిస్తోలు దించి, వాణ్ని వదిలేసి, సమ్మమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, ఆడు గోపాలమిత్ర కాదు. ఆ డబ్బాల ఉన్నది దున్నపోతుది కాదు. దవాఖానల పానం కోసం కొట్టుకుంటున్న ఒక పిల్ల మూలుగ. కూలి చేసుకునేటామె బిడ్డ. ఆడు దొంగతనం చేసి అమ్ముకోవోతాండు."

సమ్మమ్మ సారంగపాణి మొహం చూసింది. ఉదయ్ మొహం చూసింది. "పిల్ల మూలుగనా?" అంది. తర్వాత ఏం జరిగిందో ఉదయ్‌కు చివరిదాకా అర్థం కాలేదు. సమ్మమ్మ చేయి సర్రున వచ్చి ఫ్లాస్క్ మూతను కొట్టి పడేసింది. నీళ్లు నేలపాలయ్యాయి. అదే ఊపులో రెండు చేతులతో డబ్బాను కావిలించుకుని కింద కూర్చుంది. సారంగపాణి ఒక్క అంగలో వచ్చి ఉదయ్ మణికట్టు పట్టుకుని, పటకారుతో సహా గొట్టాన్ని డబ్బాలోకి వంచి వదిలాడు. మూత పెట్టాడు. ఆ తర్వాత కొట్టాడు. నిబంధనల్లో లేని దెబ్బ అది. మిగతావి ఊరివాళ్లు కొట్టారు. అతను కాసేపు అటు చూడలేదు.

చప్పుడు చేస్తున్న హెలికాప్టర్ చుట్టూ అప్పటికి పోలీసు జీపులు చేరుతున్నాయి.

సారంగపాణి డబ్బా కట్టుకుని బైక్ ఎక్కబోతుంటే సమ్మమ్మ చొక్కా పట్టుకుంది. "పో బిడ్డా, జల్ది పో. కని నా బర్రె సంగతేంది?"

"అసలాయన్ను పంపుత అవ్వా. ఒట్టు."

మూడో అంతస్తు అద్దాల తలుపు ముందు హారిక నిలబడి ఉంది. పారిపోలేదు. పారిపోవాల్సిన అవసరం లేదనుకుంది.

"ఆ కణాలు లోపలికి పోవు," అంది డాక్టర్ ప్రేమలతతో. "కోల్డ్ చైన్ తెగింది. టెంపరేచర్ రికార్డ్ లేదు. రూల్ ప్రకారం డిస్కార్డ్. క్వాలిటీ హెడ్‌గా నేను ఒప్పుకోను."

"కోల్డ్ చైన్ తెంపింది నువ్వే కదా," అన్నాడు సారంగపాణి.

"ప్రూవ్ చేసుకోండి. అప్పటిదాకా రూల్ రూలే."

ప్రేమలత డబ్బాలో కొలబద్ద ముంచి చూసింది. నత్రజని సగానికి పైగా ఉంది. ఒక గొట్టం తీసుకుని ల్యాబ్‌లోకి వెళ్లింది. అద్దం వెనక అక్షర కళ్లు మూసుకుని పడుకుని ఉంది. అంత బరువైన నిరీక్షణ సారంగపాణి ఏ బాంబు ముందు కూర్చున్నప్పుడూ ఎరగడు. ల్యాబ్ తలుపు తెరుచుకుంది. ప్రేమలత కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బతికే ఉన్నయ్. మిగతావి ఎక్కిస్తున్న. సంతకం నాది, జైలు పడితే నాకు పడనీ. హారికా, ఈ పిల్ల ఒంటిని ఊడ్చి ఖాళీ చేసింది మనం. మనం! ఆ తర్వాత గద నువ్వు దొంగిలించింది."

"ఒక్క కేసు డాక్టర్," అంది హారిక. "రీసెర్చ్‌లో లాసెస్ ఉంటాయి."

మూలన నిలబడ్డ సుగుణకు ఇంగ్లీషు మాటలు అర్థం కాలేదు. మిగతాదంతా అర్థమైంది. నెమ్మదిగా ముందుకొచ్చింది.

"గీ మేడమే గద తమ్మీ, రోజూ వచ్చి నా బిడ్డ చెయ్యి వట్టుకొని ధైర్నం చెయ్యి అన్నది? నేనిచ్చిన చాయ్ తాగింది గద?"

హారిక మొదటిసారి తల దించుకుంది. ఆ దించుకోవడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఆమెను లిఫ్ట్‌లోకి తీసుకెళ్లారు.

పొద్దు వాలుతుండగా లేత గులాబీ రంగు ద్రవం సన్నటి పైపులోంచి అక్షర ఒంట్లోకి దిగడం మొదలైంది. సుగుణ అద్దానికి నుదురు ఆనించి చూస్తోంది. ఏడవడం లేదు. ఆ పైపు తప్ప ఆమెకు ఇంకేం కనిపించడం లేదు.

చెవిలో చీఫ్. "గుడ్ వర్క్. కానీ ఒక బ్యాడ్ న్యూస్. హెలికాప్టర్ల దొరికిన ఆయన జాతర ఫొటోలకు వచ్చిన టూరిస్టునంటుండు. వాళ్ల ఎంబసీ ఫోన్ల మీద ఫోన్లు. డిపోర్ట్ చేస్తున్నరు. రాత్రి ఫ్లైట్."

"పిల్లను చంపవోయినోడు, సార్!"

"నాకు తెలియదా? నాకూ రక్తం ఉడుకుతాంది. ఆర్డర్ పైనుంచి వచ్చింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుదాకా ఎస్కార్ట్ ఇయ్యమన్నరు. ఆత్మకూరు పోలీస్ స్టేషన్‌ల ఆయనా ఉన్నడు, జీపూ రెడీగ ఉన్నది. నువ్వే ఫోన్ చేసి పంపు."

సారంగపాణి కాసేపు పైపులో దిగుతున్న చుక్కలను చూశాడు. తర్వాత ఆత్మకూరు స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

ఆ సాయంత్రం నుంచి విదేశీ పెద్దమనిషి స్టేషన్ బెంచీ మీద కూర్చుని, ఫ్లైట్ తప్పిపోయేదాకా గడియారం చూస్తూనే ఉన్నాడు. ఆయన కోసం పెట్టిన జీపు మాత్రం సైరన్ వేసుకుని, అసలు గోపాలమిత్రను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, సమ్మమ్మ బర్రె దగ్గరికి పోతోంది.