దాటేసిన వాక్యం

"మీ బావని ఇవాళ పదకొండున్నరకి లేపేస్తారు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ గద్ద గోడ గడియారం చూశాడు. పది యాభై.

"ఎక్కడ?"

"తెలీదు. మనకి దొరికిన ముఠా కొరియర్ టైమ్ ఒక్కటే కక్కాడు."

గద్దకి ఒళ్ళు మండిపోయింది. అక్క మొగుడు ఆరు నెలలుగా దర్జీ వేషంలో విదేశీ ముఠా మధ్య తిరుగుతున్నాడు, చేతిలో ఫోన్ కూడా లేకుండా. ముఠా రేడియో సందేశాలన్నీ పట్టి రోజూ కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నారు. నాలుగు రోజులుగా అందులోంచి వచ్చింది గుండుసున్నా!

గోడలకి సున్నాలేసేవాడి వేషం విప్పే టైమ్ లేదు. బకెట్‌తోనే కంప్యూటర్ రూమ్‌లోకి దూరాడు.

"నీ ప్రోగ్రామ్ ఏం చదువుతోందయ్యా?"

"సందేశాల మొదట్లో వాతావరణం చెత్త ఉంటుంది సార్," అన్నాడు ప్రోగ్రామర్. "'గాలి' అన్న మాట కనపడితే అక్కణ్ణించి ఫుల్‌స్టాప్ దాకా దాటేసి, ఆ తర్వాత చదవమన్నాను."

"ఫుల్‌స్టాప్ లేకపోతే?"

"దొరికేదాకా దాటేస్తూ పోతుంది."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! దాటెయ్యకుండా మొత్తం ప్రింట్ తియ్."

ప్రింటర్ తీరిగ్గా కక్కింది. పొద్దున పట్టిన సందేశం.

"గాలి పడమర నుంచి అలలు మూడడుగులు దర్జీని పదకొండున్నరకి బస్టాండ్ గడియారం కింద ముగించండి."

ఫుల్‌స్టాప్ చిట్టచివర ఒక్కటే ఉంది. వాతావరణంతోపాటు అసలు ఆర్డర్నీ ప్రోగ్రామ్ మింగేసింది.

"ఈ సంగతి బయట ఎవరికి చెప్పావ్?"

"బయట ఎవరికీ లేదు సార్. ట్రాన్స్‌లేషన్‌లో... ఆ సిల్క్ స్కార్ఫ్ మేడమ్‌కి. ఐదు రోజుల కింద కాఫీ తాగుతూ అడిగింది."

"చెప్పేశావా?"

"ఆవిడ అడిగితే ఎవరైనా చెప్తారు సార్."

పీక పిసకడానికి కూడా తీరిక లేదు. సిల్క్ స్కార్ఫ్ డబుల్ ఏజెంట్! ఆవిడ మోసుకెళ్ళి చెప్పాకే ముఠా మధ్యలో ఫుల్‌స్టాప్‌లు మానేసింది. ఇవాళ సెలవు కూడా పెట్టింది. లిఫ్ట్ పనిచెయ్యలేదు. జీపు మూడోసారికి గానీ స్టార్టవలేదు. దారిలో ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఏడ్చింది.

పదకొండు ఇరవైతొమ్మిది. గడియారం కింద బావ బఠాణీలు నములుతున్నాడు. అతని వీపు వెనక సిల్క్ స్కార్ఫ్ లిప్‌స్టిక్ మూత తీసింది. పెదాలకి రాసుకోలేదు, గురి పెట్టింది.

గద్ద సున్నం బకెట్ ఎత్తి ఆమె మొహాన కొట్టాడు. లిప్‌స్టిక్‌లోంచి దూసుకొచ్చిన తూటా గడియారం అద్దాన్ని పగలగొట్టింది. మరుక్షణం ఆమె చేతికి బేడీలు పడ్డాయి.

బావ జరిగిందంతా విని నెత్తి కొట్టుకున్నాడు.

"ఒరేయ్, ఈ వేషం కట్టేముందు ఆ వాతావరణం సోదంతా తీసెయ్యమని మీ చీఫ్ ప్రాణం తోడేసింది నేనే రా!"

"ఆ మాట మాత్రం అక్కకి చెప్పకు బావా," అన్నాడు గద్ద. "ఆవిడ చేతిలోంచి కాపాడటం నావల్ల కాదు."