రాజా వింటున్నాడు

రేవతి చక్రధర్‌తో మొదటిసారి మాట్లాడింది పోట్లాడటానికే.

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక కంప్యూటర్ సెంటర్. అక్కడ ఇద్దరినీ ఒకే ప్రాజెక్టుకు జతచేశారు. బస్సు టికెట్ల ప్రోగ్రాం రాయాలి. చక్రధర్ ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్ తెచ్చి అతికించాడు. మర్నాడు చూస్తే అదంతా తీసేసి ఉంది.

"ఎందుకు తీసేసినావు? బాగానే నడస్తా ఉండింది కదా."

"ఎందుకు నడస్తా ఉండాదో చెప్పు. మళ్ళీ పెడతాను."

అతను కీబోర్డు మీది దుమ్ము ఊదాడు. ఆమె పెదవులు కదల్లేదు కానీ కళ్ళు నవ్వాయి. కోపం రావాల్సిన చోట అతనికి ఇంకేదో వచ్చింది. రేవతి వాళ్ళింటి మేడమీద గది ఖాళీగా ఉందని తెలిసిన రోజే అద్దెకు దిగాడు. సెంటర్‌కు దగ్గరని ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పాడు.

దిగిన మర్నాడే నిద్ర చెడింది. తెల్లవారుతుండగా కింద పెరట్లోంచి రేవతి గొంతు. సెంటర్‌లో గీత గీసినట్టుండే ఆ గొంతు ఇక్కడ మెత్తగా ఉంది.

"రాజా, విను. ఇంతదాకా బాగానే ఉండాది కదా? ఆగు, తప్పు చెప్పినాను. మళ్ళీ మొదట్నించి చెప్తాను."

అవతలి మనిషి మాట వినపడలేదు. ఫోన్ అయి ఉంటుందనుకున్నాడు. ఆ రోజు సెంటర్‌లో కంప్యూటర్ తెర మీదనుంచి చూపు తిప్పకుండా రాజా ఎవరని అడిగాడు. మేడమీదికి అంత బాగా వినపడుతుందా అంది రేవతి. తన కోడ్‌లో తప్పులు దొరికేది రాజా దగ్గరే అని, ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోడని కూడా చెప్పింది.

"యాడ పని చేస్తాడు?"

"పనేం లేదు. ఇంట్లోనే ఉంటాడు."

"ఉద్యోగం లేదా?"

"నీకుండాదా?"

ఆ తర్వాత చక్రధర్ మనసులో రాజా పెరగడం మొదలుపెట్టాడు. ముందు మీసం వచ్చింది. తర్వాత బండి వచ్చింది. వాన పడిన పొద్దుల్లో కూడా కింద ఆ మెత్తటి గొంతు ఆగలేదు. కిటికీ మూస్తే బాగుండును. మూయలేదు. చెవి కిటికీ రెక్కకు ఆనించి మరీ విన్నాడు. ఒకరోజు ఆమె, నువ్వేమీ అనవు కాబట్టే నువ్వంటే నాకిష్టం అంది. ఆ రోజు అతను టిఫిన్ తినలేదు.

చదువు మాత్రం పెరిగింది. ఉద్యోగం కోసం కాదు, రాజాను మించడానికి. అలా చదివిందేదీ నిలవదని చెన్నైలో తెలిసింది. ఇంటర్వ్యూలో అతని టికెట్ల ప్రోగ్రాంనే తెరిచి, వరుసలో చివరి ప్రయాణికుడికి టికెట్ ఎందుకు రావడంలేదని అడిగారు. చక్రధర్ కోడ్‌లోకి చూశాడు. అక్కడ మీసమున్న రాజా కనిపించాడు.

ఇంటర్వ్యూ పోవడం అదే మొదటిసారి కాదు. ఆ సాయంత్రం గదికి చేరగానే పాకాల దగ్గర ఊళ్ళోంచి నాయన గంగాధరం ఫోన్ చేశాడు. ఆయన తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"పోతే పోనీ అబ్బోడా. మామిడితోట ఉండాది. తోతాపురి కోతకు వచ్చినాది. వచ్చేయ్."

మర్నాడు పొద్దున చక్రధర్ సంచి సర్దుకుని మెట్లు దిగాడు. రేవతి అవ్వ నాగరత్నమ్మకు తాళంచెవి ఇచ్చి, పాకాల రైలు పట్టుకోవాలి. అవ్వ వాకిట్లో ముగ్గు వేస్తోంది. అప్పుడే పెరట్లోంచి ఆ గొంతు వినిపించింది.

"రాజా, మేడమీదాయనకు నిన్న కూడా పోయినట్లుండాది. మొహం చూడలేకపోయినాను."

తన ఓటమిని వాడికి చెప్పడమే అతను ఓర్చుకోలేకపోయాడు. పోయేముందు వాడి మొహం ఒకసారి చూసిపోదామని సంచితోనే ఇంటిపక్క సందులోంచి పెరట్లోకి నడిచాడు.

బట్టలుతికే బండమీద రేవతి కూర్చుని ఉంది. ఎదురుగా లాప్‌టాప్. చెవిలో ఏమీ లేదు, చేతిలో ఫోన్ లేదు. లాప్‌టాప్ పక్కన జేనెడు ఎత్తు కొయ్యబొమ్మ నిలబడి ఉంది. రంగు పోయి ఎర్రచందనం బయటపడింది.

"రాజా యాడ?"

రేవతి బొమ్మ వైపు చూపించింది.

చక్రధర్ బొమ్మను చూశాడు. మీసం ఉంది. ఆ ఒక్కటీ సరిగ్గా ఊహించాడు.

రేవతి నవ్వీ నవ్వీ ఆగింది. ఆగాక చెప్పింది. అది వాళ్ళమ్మ పెళ్ళిలో పెట్టిన రాజా రాణి బొమ్మల్లో ఒకటి. అమ్మకు కంప్యూటర్ తెలియదు. అయినా రేవతి ఎక్కడైనా చిక్కుకుంటే ఎదురుగా కూర్చుని, మళ్ళీ మొదట్నించి చెప్పమ్మా అనేది. చెప్తుంటే తప్పు దానంతటదే బయటపడేది. అమ్మ పోయాక వినేవాళ్ళు లేక రాజాను తెచ్చుకుంది. పెరట్లో అమ్మ కూర్చునే చోటే పెట్టుకుంది.

చక్రధర్ సంచి కింద పెట్టాడు.

"నీకు ఇంటర్వ్యూ ఎప్పుడూ పోలేదు. నీకేం తెలుస్తాది," అన్నాడు.

"నాకెన్నిసార్లు పోయిందో నువ్వెప్పుడైనా అడిగినావా? రాజా ఎవరని అడిగినావు గానీ."

అతను తలదించుకున్నాడు. రేవతి లేచి బండమీద చోటిచ్చి, చెన్నైలో ఏమడిగారో రాజాకు చెప్పమంది. కొయ్యబొమ్మకు చెప్పడం అతనికి సిగ్గనిపించింది. గొణిగాడు. మొదట్నించి అంది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ మొదట్నించి అంది. ఈసారి మధ్యలో ఆగిపోయాడు.

"చివరి మనిషి ఇంకా వరుసలో ఉండంగానే నేను కౌంటర్ మూసేస్తా ఉండాను."

"నువ్వు ఇంటికి పోయేది కూడా అట్లనే ఉండాది," అంది రేవతి.

పాకాల రైలు అతను లేకుండానే పోయింది. నాయనకు ఫోన్ చేసి, కోతకు వచ్చి కాయ దించి పోతానని, చదువు మాత్రం ఆపనని చెప్పాడు. సరే, ముందు వేళకు తిను అన్నాడాయన.

రాజా మేడమీదికి మారాడు. ఇంటర్వ్యూలు పోతూనే ఉన్నాయి. పోయినప్పుడల్లా వచ్చి, ఎక్కడ తడబడ్డాడో రాజాకు మొదటినుంచీ చెప్పేవాడు. కుళ్ళుకోవడం ఇప్పుడు రేవతి వంతయింది. కింద పెరట్లో చెవి రిక్కించి, అన్నీ బొమ్మకే చెప్తాడు, మనుషులు కనపడరు అని అవ్వ దగ్గర సణిగింది. జంటను విడదీసి ఒకటి పైన, ఒకటి కింద పెట్టకూడదని అవ్వ కూడా అంటూనే ఉంది.

ముందు రేవతికి తిరుపతిలోనే ఉద్యోగం వచ్చింది. చక్రధర్‌కు అసూయ కలగలేదు. కలగలేదని తెలిసి అతనే ఆశ్చర్యపోయాడు. చలికాలం మొదట్లో అతనికీ వచ్చింది, చెన్నైలో. ఆ కబురుతో, చేతిలో రాజాతో కిందికి దిగాడు.

పెరట్లో తుంపర పడుతోంది. రేవతి బండమీద ఉంది. అతను చెన్నైతో మొదలుపెట్టి, శనివారం రైళ్ళ వేళలు చెప్పి, మామిడితోట దగ్గర ఆగి, "నిన్ను" అని, మళ్ళీ రైళ్ళ దగ్గరికే వచ్చాడు.

రేవతి అతని చేతిలోంచి బొమ్మను తీసుకుని పక్కన పెట్టింది. ఎదురుగా, వాళ్ళమ్మ కూర్చునే చోట కూర్చుంది.

"మళ్ళీ మొదట్నించి చెప్పు. ఈసారి నాకు చెప్పు."

చెప్పాడు. ఈసారి ఎక్కడా తప్పు దొర్లలేదు.

నాగరత్నమ్మ ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. రాజాను తీసి కొంగుతో తడి తుడిచి, లోపల అలమరాలో రాణి పక్కన పెట్టింది. అక్కడినుంచే అంది.

"అబ్బోడా, మీ నాయన్ను ఒకసారి రమ్మను. ఈ జంటను ఏ ఇంటికి పంపించాల్నో మాట్లాడుకుందాం."