కజూరా వారి కొత్త మిషన్ ఎప్పుడు?

"ఈ మిషన్ మీద ఆడ్డం దండగండీ. నవంబరుకల్లా కంపెనీ కొత్తది దింపేస్తాది."

గుమ్మంలోంచి వినిపించిన ఆ మాటకి సోఫియా చేతిలో చిల్లర అలాగే ఆగిపోయింది.

2005 జులై. అరకులో పొద్దుట్నుంచీ ఒకటే వాన. బొర్రా గుహలకి వెళ్ళలేక విసిగిపోయిన టూరిస్టు ఒకాయన, కొడుకుని వెంటబెట్టుకుని స్టేషన్ రోడ్డులోని 'బెతెల్ నెట్ అండ్ గేమ్స్'కి వచ్చాడు. దుకాణం తెరిచాక సోఫియాకి దొరికిన మొదటి మంచి బేరం అది. ఉన్నవి రెండు కంప్యూటర్లు, ఒక టీవీ, దాని కింద వైజాగ్‌లో సెకండ్ హాండ్‌లో కొన్న కజూరా వీడియో గేమ్. కజూరా అంటే జపాన్ కంపెనీ.

"అయితే ఇది పాత మోడలా?" అన్నాడు టూరిస్టు.

"పాతదంటే పాతదే మరి," అన్నాడు గుమ్మంలోని మనిషి.

"పద నాన్నా, వైజాగ్‌లో కొత్తది ఆడుకుందువు." తండ్రీకొడుకులు గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు.

సోఫియా ఆ మనిషి వైపు తిరిగింది. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. జుట్టులోంచి నీళ్ళు ఆమె నేల మీద పరిచిన కొత్త పట్టా మీదికి కారుతున్నాయి. పైగా నవ్వుతున్నాడు.

"ఏటండీ మీరు? నా బేరం చెడగొట్టడానికే వచ్చారా?"

"అబ్బే, నెట్ కోసం వచ్చానండి. నా పేరు ధర్మ. కాఫీ ప్రాజెక్టులో ఫీల్డ్ అసిస్టెంటుని. ఉన్నమాట సెప్పాను. మీరే సెప్పండి, పాతది కాదేటి?"

"ఉన్నమాట ఎవరడిగారు మిమ్మల్ని?"

ఆ ప్రశ్న ధర్మ చెవిన పడలేదు. అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

*

అది మొదలు ధర్మ రోజూ సాయంత్రం వచ్చేవాడు. కాఫీ తోటల్లో తిరిగి తిరిగి, మేజోళ్ళలో జలగలతో సహా వచ్చేవాడు. కజూరా అభిమానుల వెబ్‌సైట్ ఒకటుంది. అందులో 'అరకుధర్మ' అనే పేరుతో జోస్యాలు రాసేవాడు. ఏ గేమ్ ఎప్పుడు వస్తుంది, దేనికి రెండో భాగం తీస్తారు, తరువాతి మిషన్ ఎలా ఉంటుంది. బ్రెజిల్ నుంచి, పోలాండ్ నుంచి జవాబులు వచ్చేవి.

"ఇవన్నీ మీకెలా తెలుస్తాయి? జపాన్‌లో మీ మావయ్య ఉన్నాడా?" అని అడిగింది సోఫియా ఒకరోజు. అడిగినందుకు వెంటనే చింతించింది. ధర్మ కుర్చీ ఆమె వైపు తిప్పేశాడు.

"సూడండి. కంపెనీ చిప్ ఇంజనీర్లు కావాలని ప్రకటన ఇచ్చిందనుకోండి, కొత్త మిషన్ చేస్తన్నట్టు. కొత్త పేరేదో రిజిస్టర్ చేయించిందనుకోండి, ఆ పేరుతో గేమ్ వస్తన్నట్టు. పాత మిషన్ రేటు తగ్గించిందనుకోండి..."

"నా కర్మ కాలినట్టు."

"కాదండీ, గోడౌన్ ఖాళీ చేస్తన్నట్టు."

చిరాకేమిటంటే, అతను చెప్పినవి చాలా వరకు నిజమయ్యేవి. రేసు గేమ్‌కి రెండో భాగం ఆగస్టులో అన్నాడు, వచ్చింది. నిజమైన రోజు కుర్చీలో వెనక్కి వాలి, పెన్ను చెవికి తగిలించుకుని కూర్చునేవాడు. ఆ వాలకం చూస్తే సోఫియాకి ఒళ్ళు మండేది.

ఒకరోజు రాలేదు. సోఫియా ఆ సాయంత్రమంతా గుమ్మం వైపు చూసింది. తను అలా చూస్తున్నానని తెలిసి ఇంకా చిరాకు పడింది.

మర్నాడు వచ్చి, "నిన్న జొరం వచ్చిందండి," అన్నాడు.

"దాన్ని ముందే చెప్పలేకపోయారా, జోస్యులు గారు?" అంది. కాని లోపలికి వెళ్ళి అల్లం టీ తెచ్చి అతని ముందు పెట్టింది.

*

సోఫియా తండ్రి ఎలీయేజరు మాస్టారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఇంటి ముందుగదిని దుకాణానికి ఇచ్చారు కాని, ఒక షరతు పెట్టారు. క్రిస్మస్‌కల్లా దుకాణం తన కాళ్ళ మీద తాను నిలబడాలి. లేదంటే సోఫియా దాన్ని మూసి, పార్వతీపురంలో తెరిసమ్మత్త ఇంట్లో ఉండి బీఎడ్ చదవాలి.

దసరా వస్తే అరకు కోల్‌కతా టూరిస్టులతో నిండిపోతుంది. ఆలోగా రెండో వీడియో గేమ్ కొనాలని సోఫియా అనుకుంది.

"ఇప్పుడు కొనొద్దండీ!" కుర్చీలోంచి లేచిపోయాడు ధర్మ. "సెప్టెంబరులో టోక్యోలో పెద్ద షో ఉన్నాది. అక్కడ కొత్త మిషన్ చూపిస్తారు. ఆ మర్నాడే పాతది సగం రేటుకి పడిపోతాది. అప్పుడు రెండు కొనుక్కోవచ్చు."

"కచ్చితంగా?"

"వంద శాతం."

"నా దుకాణం దీని మీదుంది ధర్మ గారూ."

"తెలుసండి. అందుకే సెప్తన్నాను."

అతని ముఖంలో ఆ పూట నవ్వు లేదు. నిజంగా ఆమె మంచి కోరే చెబుతున్నాడు. సోఫియా నమ్మింది, ఆగింది.

షో జరిగిన రోజు సాయంత్రం ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఫోన్ లైను మీద నడిచే నెట్ అది. బొమ్మ పైనుంచి కిందికి కొద్దికొద్దిగా దిగుతోంది. ముందు నల్లగా, పొడుగ్గా ఏదో కనిపించింది.

"అదిగో! నిలువు మోడల్! నేను సెప్పలేదేటి?"

బొమ్మ ఇంకొంచెం దిగింది. ఒక పిడి. పిడికి ఒక చక్రం. చక్రం నుంచి వేలాడుతున్న దారం.

"ధర్మ గారూ," అంది సోఫియా నెమ్మదిగా, "ఇది గాలం కదండీ?"

గాలమే. పాత మిషన్‌కి తగిలించుకుని చేపలు పట్టే ఆట ఆడుకోవడానికి కంపెనీ కొత్తగా చేసిన గాలం. కొత్త మిషన్ గురించి ఇప్పట్లో ఆలోచన లేదని కింద ఒక్క ముక్క రాసి ఉంది.

సోఫియా వెంటనే వైజాగ్‌లోని డీలరుకి ఫోన్ చేసింది. పండగ అమ్మకాలకి ఉన్నవన్నీ అయిపోయాయి, మళ్ళీ సరుకు దీపావళి దాటాకే అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసి ధర్మ వైపు చూసింది. ధర్మ ఇంకా తెరకేసే చూస్తున్నాడు.

"అసలు ఇది వ్యూహమేమోనండి. జనవరిలో..."

"లేవండి."

"సోఫియా గారూ..."

"లేచి బయటికెళ్ళండి. జనవరంట! జనవరికి నేను పార్వతీపురంలో ఉంటాను, తెలుసా?"

*

దసరా టూరిస్టులు దిగారు. ఉన్న ఒక్క మిషన్ దగ్గర వరస కట్టి, విసిగి వెళ్ళిపోతున్నారు. సోఫియా వెళ్ళేవాళ్ళ వీపులు చూస్తూ కూర్చుంది.

రెండో రోజు ధర్మ వచ్చాడు. భుజాన కాఫీ గోనెసంచి. దాన్ని బల్ల మీద దించి, మూతి విప్పి, లోపలి గుడ్డలు తీశాడు. కజూరా వీడియో గేమ్. ఎక్కడా గీత పడలేదు. అట్టపెట్టెలోంచి అప్పుడే తీసినట్టుంది.

"ఎవరిది?"

"నాదేనండి. డిప్లొమా అయిపోనాక కొనుక్కున్నాను."

"ఇంత కొత్తగా ఉందేం? ఆడరా?"

ధర్మ తల గోక్కున్నాడు. "మా ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తాదో, ఎంతసేపుంటాదో తెల్దండి. ఉన్నా వోల్టేజీ ఉండదు. ఒకసారి ఆట సగంలో ఆగిపోతే మా అమ్మ టీవీ కాలిపోనాది. మరింక పెట్టెలో పెట్టీసాను. ఆడ్డం కుదరదు కదా, అందుకే రాబోయేవాటి గురించి చదువుకుంటుంటాను. ఊహించుకోడానికి కరెంటు అక్కర్లేదు."

సోఫియా గీత పడని ఆ మిషన్‌ని ఒకసారి వేలితో తడిమింది. ఇన్నాళ్ళూ ఈ మనిషిని గొప్పలకి పోయేవాడనుకుంది. చేపల గాలం మీద కోపం ఇంకా ఉంది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "తీగ ఎక్కడుంది? బేగి తగిలించండి, జనం వెళ్ళిపోతున్నారు," అంది.

ఆ పండగ సెలవులన్నీ దుకాణంలోని టీవీ ముందూ, ఇంట్లోంచి తెచ్చి పెట్టిన టీవీ ముందూ పిల్లలే. ధర్మకి రాని బెంగాలీ, వాళ్ళకి రాని తెలుగు. అయినా అతను నేర్పని ఆట లేదు. దుకాణం కట్టేశాక ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చుని వేడివేడి మొక్కజొన్న పొత్తులు తినేవాళ్ళు.

చిరాకు మాత్రం కొత్త దారి పట్టింది. ధర్మ ఆమెని చూసేవాడు, ఆమె చూస్తే తల తిప్పుకునేవాడు. ఏదో అనబోయేవాడు, మింగేవాడు.

"ఏటో చెప్పాలనుకుంటున్నారు. చెప్పండి," అంది ఒకసారి, బల్ల తుడవడం ఆపి.

"అదేనండీ... వచ్చే ఏడు చేతిలో పట్టుకునే చిన్న మిషన్ ఒకటి..."

సోఫియా బల్ల తుడిచే గుడ్డ అతని మీదికి విసిరింది.

*

డిసెంబరులో దుకాణం నిలబడిందని మాస్టారు ఒప్పుకున్నారు. అయితే తెరిసమ్మత్త ఊరుకోలేదు. బీఎడ్ సంగతి పోనివ్వండి అని ఒక సంబంధం చూసింది. పార్వతీపురంలో స్కూలు టీచరు. వచ్చే ఆదివారం చూడ్డానికి వస్తారు. మాస్టారు ఈ మాట దుకాణంలోనే చెప్పారు. ధర్మ అక్కడే ఉన్నాడు.

సోఫియా ధర్మ వైపు చూసింది.

ధర్మ నేల వైపు చూశాడు. "టీచరంటే మంచి ఉద్యోగమేనండి," అన్నాడు.

ఆ రాత్రి సోఫియాకి నిద్ర పట్టలేదు. తెల్లారాక సర్వీసు జీపెక్కి ధర్మ వాళ్ళ ఊరికి బయలుదేరింది. దారికి రెండు పక్కలా వలిసెపూలు పచ్చగా విరగబూశాయి. ఆమె ఒక్క పువ్వూ చూడలేదు.

కాఫీ పళ్ళు కోసే రోజులవి. మిరియాల తీగలు అల్లుకున్న చెట్ల కింద ఆడవాళ్ళు బుట్టలు కట్టుకుని వరసగా కోస్తున్నారు. ధర్మ కోసిన పళ్ళు తూకం వేయిస్తున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"టీచరు మంచి ఉద్యోగమా?" అంది సోఫియా.

"మీరిక్కడికి..."

"జపాన్‌లో ఎవరు ఏటి చేస్తున్నారో నీకు తెలుసు. ఇన్ని నెలల్నుంచి ఎదురుగా కూర్చున్నదాని మనసులో ఏటుందో తెలీదా?"

'నువ్వు' అనేసినట్టు ఇద్దరూ ఒకేసారి గమనించారు. ఆమె వెనక్కి తీసుకోలేదు.

ధర్మ చేతిలోని తూకం చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వంద శాతం అన్నానండి మీకు, సెప్టెంబరులో. మీ దుకాణం పోయేటట్టు చేసాను. అప్పట్నుంచి నాకు నా మాట మీదే నమ్మకం లేదు. మీకు నేనంటే ఇష్టమేమోనని అనిపించేది. అదీ తప్పైతే? గేమ్ తప్పైతే బ్రెజిల్‌లో ఎవడో నవ్వుతాడు. ఇది తప్పైతే, మరింక మీ దుకాణానికి రాలేను కదా."

"ఊహించమని ఎవరన్నారు? అడగొచ్చు కదా!"

పక్క వరసలో కోత ఆగిపోయింది. తలకి తుండు చుట్టుకున్న ఒకామె బుట్ట దించి లేచింది. ధర్మ తల్లి సోములమ్మ.

"ఏట్రా అలా సూత్తన్నావు? ఆ గుంట కొండెక్కి వచ్చి మరీ సెప్తన్నాది. అడుగు బేగి!"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ధర్మ చెవులు కాఫీ పళ్ళలా ఎర్రబడ్డాయి.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అన్నాడు.

"గట్టిగా," అంది సోఫియా.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా సోఫియా?"

"హమ్మయ్య," అంది సోఫియా. అక్కడే కాఫీ మూట మీద కూర్చుండిపోయింది. "ఊఁ. చేసుకుంటాను."

*

మాస్టారికి ఈ సంగతి అంత సులువుగా మింగుడు పడలేదు. ఇంటికొచ్చిన ధర్మ చెప్పినదంతా విని, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మా చర్చికి వస్తావా?"

"వస్తాను మాస్టారూ. మా కొండదేవత పండక్కి సోఫియా వస్తానన్నాది. ఇద్దరం రెండిటికీ ఎల్తాం. పేరు మార్చుకోమంటే మాత్రం మార్చుకోలేను."

మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"సరే. ఇంకొకటి అడుగుతాను. నువ్వు అన్నీ ముందే చెప్పేవాడివట కదా. నా కూతురు నీ దగ్గర సుఖంగా ఉంటాదని చెప్పగలవా?"

తలుపు పక్కన నిలబడ్డ సోఫియా కళ్ళు మూసుకుంది. వంద శాతం అనకురా దేవుడా, అనకు.

"తెల్దు మాస్టారూ," అన్నాడు ధర్మ. "మా ఊళ్ళో కరెంటు సరిగా ఉండదు. నాది పర్మనెంటు ఉద్యోగం కాదు. ముందు ఏటౌద్దో నాకు తెల్దు. ఏదొచ్చినా తనని ఒక్కదాన్నీ వొగ్గీసి ఎల్లిపోను. అంత వరకే సెప్పగలను."

మాస్టారు గోడ గడియారం వైపు చూశారు, కిటికీ వైపు చూశారు. తరువాత లోపలికి కేకేశారు.

"సోఫియా, పార్వతీపురం ఫోన్ కలుపు. మీ అత్తకి ఆదివారం ఎవరినీ తీసుకురావద్దని చెప్పాలి. నేనే చెబుతాను, నువ్వు చెబితే ఏడుస్తుంది." ఆపైన ధర్మ వైపు తిరిగారు. "నిలబడ్డావేం? కూర్చో. భోంచేసి వెళ్ళు."

సోఫియా ఫోన్ కలిపి తండ్రి చేతికిచ్చింది. అవతల తెరిసమ్మత్త కేకలు గదంతా వినిపిస్తున్నాయి. ఆ గోల మధ్యలో ఆమె కంచం తెచ్చి ధర్మ ముందు పెట్టింది.

"నిజం చెప్పు," అంది వంగి, చిన్నగా. "నాన్న ఒప్పుకుంటారని అనుకున్నావా?"

"లేదు. గెంటేస్తారనుకున్నాను."

"మరెందుకొచ్చావు?"

"వస్తానని నీకు సెప్పాను కదా."

సోఫియా అతని కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించి, తన కంచం తెచ్చుకుని పక్కనే కూర్చుంది.