రెండో రూటరు

కరీంనగర్‌లో ఫోటో స్టూడియో వెనక గది. గూఢచారి విభాగం చీఫ్ జ్యోతిరాణి బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించింది.

"బెల్లంపల్లి దగ్గర బొగ్గుబాయి. కింద గ్యాస్ పెరిగితే పైనున్న సర్వర్ సెన్సర్ల డేటా చూసి సైరన్ కొడ్తది, లోపలి కరెంటు కట్ చేస్తది. విదేశీ ముఠా పైనొకటి, కిందొకటి ఉన్న రెండు రూటర్లల్ల దొంగ స్టాటిక్ రూట్లు, అంటే డేటా పోయే తప్పుడు దారులు, పెట్టింది. డేటా అంత వాళ్లకే పోతుంది, సైరన్ మోగది. ఇయ్యాల వాళ్ల బాస్ లాగిన్ అయితడు. వాడు దొరికేదాక రూట్లు ముట్టకు."

"కింద మనుషులుంటరు మేడం."

"తెలుసు."

ఏజెంట్ షాహిద్ ఏసీ మెకానిక్ వేషంలో గేటు దాటుతుంటే పోశం ఎదురొచ్చాడు. బాయిల పనిచేస్తాడు; చిన్నప్పుడు ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు.

"భాయ్! ఏసీల పని వట్టినవా?" అంటూ టిఫిన్ విప్పి, జొన్నరొట్టె సగం తుంచి చేతిలో పెట్టి, షిఫ్టుకు దిగిపోయాడు. ఇవాళ దిగకు అనే ఒక్క మాట షాహిద్ నోట రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

కంట్రోల్ రూంలో రుబీనా ఉంది. నల్లకళ్లద్దాలు, ఇంజనీరు ఐడీ కార్డు, ముఠా నుంచీ, చీఫ్ నుంచీ రెండు వైపులా జీతం.

"చెన్నూరు బస్సు పోయిందా?" అడిగాడు షాహిద్.

"మంథనిదే మిగిలింది." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "రూట్లు నా చేత్తోనే పెట్టిన. ఇప్పుడు గాలి ఫ్యాన్ కూడ ఆపిండ్రు. కింద గ్యాస్ నిండుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు."

చెవిలోని ఇయర్‌ఫోన్లో చీఫ్: "జర ఆగు. ట్రేస్ అయితుంది."

షాహిద్ ఆగాడు. తనను తాను తిట్టుకుంటూనే ఆగాడు.

"బాస్ ఆదిలాబాద్ లాడ్జిల దొరికిండు! కానియ్!" అంది చీఫ్.

పై రూటరులో దొంగ రూటు పీకేసి అసలుది కొట్టాడు. సైరన్ మోగలేదు.

"పోయే దారి రాసినవ్," అంది రుబీనా. "వచ్చే దారి?"

షాహిద్ మళ్లీ స్క్రీన్ చూశాడు. సర్వర్ ప్రశ్న కిందికి వెళుతోంది, కింది రూటరు మాత్రం సెన్సర్ల జవాబు ఇంకా ముఠాకే పంపుతోంది. ట్రైనింగులో మొదట నేర్పే పాఠం! పోశం మొహం తప్ప ఏదీ తలకెక్కక మరిచాడు. కింది రూటరులోకి లాగిన్ అయ్యాడు. రూటు మార్చాడు. ఎంటర్.

గ్యాస్ అంకె ఎర్రబడింది. సైరన్ కూసింది. లోపలి కరెంటు పోయింది.

మనుషులు ఒక్కొక్కరే పైకొచ్చారు. మసి మొహంతో పోశం అతన్ని వాటేసుకున్నాడు.

"మీ ఏసీల పనే హాయి భాయ్. ఎవ్వల పానాలు గూడ మీ చేతుల ఉండవు."

షాహిద్ అవునన్నాడు.